సేల్స్‌మ్యాన్ మానేస్తే కస్టమర్లూ పోవాల్సిందేనా? చిన్న వ్యాపారులకు ఓపెన్ సోర్స్ సీఆర్‌ఎం.. ఇందులో ఫ్రీ ఎంత, ఖర్చెంత?

ఏలూరు లాంటి ఓ పట్టణం అనుకోండి. మెయిన్ రోడ్డు మీద సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్లు అమ్మే షాపు. ఓనరు, ఇద్దరు టెక్నీషియన్లు, బయట తిరిగి ఆర్డర్లు పట్టుకొచ్చే ఓ కుర్రాడు. అంతే స్టాఫ్. రెండేళ్లు బాగానే పనిచేసిన ఆ కుర్రాడు ఓ రోజు మానేశాడు. జీతం లెక్క చూసి పంపించేశారు. వారం తర్వాత షాపుకి ఓ ఫోన్ వచ్చింది. "మీ అబ్బాయి వచ్చి మా డాబా కొలుచుకుని వెళ్లాడండీ. రేటు చెప్తానన్నాడు, ఇంతవరకు ఫోనే లేదు. ఇంతకీ పెడతారా, పెట్టరా?"

ఏ డాబా? ఎన్ని కిలోవాట్లు? ఎంత రేటు చెప్పాడు? ఓనరుకి ఒక్కటీ తెలియదు. ఆ వివరాలన్నీ కుర్రాడి సొంత ఫోన్‌లో, అతని వాట్సాప్‌లో ఉన్నాయి. ఆ ఫోనేమో ఇప్పుడు పక్క వీధిలో కొత్తగా తెరిచిన సోలార్ షాపులో ఉంది.

ఇది ఉదాహరణ కోసం చెప్పిన కథే. కానీ కోచింగ్ సెంటర్, ఏసీ సర్వీసింగ్, బోర్ మోటార్ల డీలర్, ఫంక్షన్ హాల్.. ఏ వ్యాపారంలో ఉన్నవాళ్లని అడిగినా ఇలాంటిది ఒకటైనా చెప్తారు. సరుకు గోడౌన్‌లో భద్రంగానే ఉంటుంది. తాళం ఓనరు దగ్గరే ఉంటుంది. ఆ సరుకు కొనేవాళ్ల లిస్టు మాత్రం ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు.

ఈ చిక్కుకి పెద్ద కంపెనీలు ఎప్పుడో ఓ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాయి. దాని పేరు కస్టమర్ రిలేషన్‌షిప్ మేనేజ్‌మెంట్, పొట్టిగా సీఆర్‌ఎం. నెలనెలా మనిషికింత అని కట్టే సీఆర్‌ఎంలు బోలెడు. వాటితో పాటు లైసెన్సు ఫీజు లేకుండా వాడుకోదగ్గ ఓపెన్ సోర్స్ సీఆర్‌ఎంలు కూడా ఇరవై ఏళ్లుగా ఉన్నాయి. ఫీజు లేదంటే ఖర్చే లేదని కాదు. అసలు మెలిక అక్కడే ఉంది.

అసలేంటీ సీఆర్‌ఎం?

పేరు పెద్దదే కానీ పని చాలా పాతది. కిరాణా కొట్టులో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఉంటుంది. ఎవరు ఎంత బాకీ, ఎప్పుడు ఇస్తామన్నారు అని రాసుకుంటారు. అది డబ్బు లెక్క. సీఆర్‌ఎం మాటల లెక్క. ఎవరు వచ్చి ఏం అడిగారు, షాపువాళ్లు ఏం చెప్పారు, మళ్లీ ఎప్పుడు ఫోన్ చేస్తామన్నారు, చేశారా లేదా.. ఇవన్నీ ఒక్కచోట రాసి ఉంచడమే దాని పని. ఎవరు రాసినా అది షాపు పుస్తకంలోనే పడుతుంది, రాసిన మనిషి జేబులో కాదు.

సోలార్ షాపునే తీసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. ఇంటి మీద సోలార్ ఒక్క రోజులో తెగే బేరం కాదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. 3 కిలోవాట్లు, ఆపైన పెట్టించుకునే ఇంటికి 78 వేల రూపాయల వరకు సబ్సిడీ వస్తుంది. దాంతో అడిగేవాళ్లు పెరిగారు. అడిగినవాళ్లంతా కొనరు కదా. ముందు ఫోన్, తర్వాత డాబా చూసి రావడం, కొటేషన్, ఇంట్లోవాళ్ల ఆలోచన, బ్యాంకు లోను, పోర్టల్‌లో దరఖాస్తు, ప్యానెళ్లు బిగించడం, కరెంటు ఆఫీసు నుంచి నెట్ మీటర్, చివరికి సబ్సిడీ. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఇలాంటి బేరాలు ఒకేసారి నలభై నడుస్తుంటే, ఎవరిది ఏ మెట్టు దగ్గర ఆగిందో తలలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

సీఆర్‌ఎం తెర మీద ఈ మెట్లన్నీ పక్కపక్కన గడుల్లా కనిపిస్తాయి. కొత్తగా అడిగినవాళ్లని 'లీడ్' అంటారు. నిజంగా కొనేలా ఉన్నారనిపిస్తే అది 'ఆపర్చ్యునిటీ' లేదా 'డీల్' అవుతుంది. మొదటి ఫోన్ నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఉన్న వరుసంతా 'పైప్‌లైన్'. అమ్మకం అయ్యాక వచ్చే కంప్లైంట్లు 'కేసులు' లేదా 'టికెట్లు'. కొటేషన్ ఇచ్చి పది రోజులైనా ఎవరూ మాట్లాడని పేర్లు ఏవి? ఆ ఒక్క జాబితా రోజూ పొద్దున్నే కనిపిస్తే చాలు, చాలా షాపులకి సాఫ్ట్‌వేర్ పెట్టిన కష్టం గిట్టుబాటైపోతుంది. మిగతా గ్రాఫులు, రంగురంగుల చార్టులు చూడ్డానికి బాగుంటాయి. అంతవరకే.

మరి ఎక్సెల్ చాలదా? వాట్సాప్ ఉందిగా?

ఎక్సెల్ షీటుతో నెట్టుకొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరే రాసి, ఒక్కరే చూసుకునేంత వరకు ఇబ్బంది లేదు. ముగ్గురు రాయడం మొదలుపెట్టాక 'ఫైనల్', 'ఫైనల్ 2', 'కొత్త ఫైనల్' అని మూడు ఫైళ్లు తయారవుతాయి. ఏది అసలుదో తేల్చేలోపు బేరం పోతుంది. పైగా ఎక్సెల్ ఫైలు దానంతట అది ఎవరికీ గుర్తుచేయదు.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుళ్లు ఉంటాయి. కొత్త కస్టమర్, డబ్బు రావాలి, ఇలా గుర్తులు పెట్టుకోవచ్చు. మొదలుపెట్టడానికి అంతకన్నా తేలికైంది లేదు. కాకపోతే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందే పడతారు. అది కూడా షాపు నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఆ అకౌంట్ ఎవరి సిమ్ మీద ఉంది అన్నది. కుర్రాడి సిమ్ మీద ఉంటే పైన చెప్పిన కథే మళ్లీ. ఏ సాఫ్ట్‌వేరూ కొనకముందే, ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే ఓ పని చేయొచ్చు. షాపు పేరు మీద ఓ సిమ్ తీసుకుని, సేల్స్ వాళ్లంతా ఆ నంబరుతోనే కస్టమర్లతో మాట్లాడేలా చూడటం. ఖర్చు నెలకో రీఛార్జ్ మాత్రమే.

'ఫ్రీ' అంటే రెండు అర్థాలు

ఓపెన్ సోర్స్ అంటే సాఫ్ట్‌వేర్ లోపలి కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు. ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అనే ఒక్క మాటతో రెండు అర్థాలు కలగలిసిపోయి గందరగోళం అవుతుంది. తెలుగులో ఆ తంటా లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న సంస్థ పేరే 'స్వేచ్ఛ'. ఓపెన్ సోర్స్‌లో అసలు ఇచ్చేది ఆ స్వేచ్ఛే. ఉచితం దానికి తోక.

షాపు ఓనరుకి ఈ స్వేచ్ఛతో పనేంటి? కోడ్ చదవడం రాదు, చదివే తీరికా లేదు. నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన కంపెనీ మనసు మార్చుకుంటే ఏమవుతుందన్నది ఓనరుకి కచ్చితంగా కావాల్సిన విషయమే. దానికి సీఆర్‌ఎం చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

షుగర్ కథ

2004లో అమెరికాలోని కాలిఫోర్నియాలో షుగర్ సీఆర్‌ఎం అనే కంపెనీ పుట్టింది. డబ్బు కట్టే వెర్షన్‌తో పాటు 'కమ్యూనిటీ ఎడిషన్' పేరుతో ఓపెన్ సోర్స్ వెర్షన్ కూడా ఇచ్చింది. లైసెన్సు ఫీజు లేదు. సొంత సర్వర్‌లో పెట్టుకుని వాడుకోవచ్చు. ప్రపంచమంతా చిన్న కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు దాన్ని ఎత్తుకున్నాయి. పదేళ్లు అలా గడిచింది. 2014లో కంపెనీ మాట మారింది. ఓపెన్ సోర్స్ ఎడిషన్ 6.5 వెర్షన్ దగ్గరే ఆగిపోతుందని, కొత్త వెర్షన్లు డబ్బు కట్టేవాళ్లకే అని తేలిపోయింది. 2018లో కమ్యూనిటీ ఎడిషన్‌కి పూర్తిగా తెరపడింది.

మామూలు సాఫ్ట్‌వేర్ అయితే కథ అక్కడితో అయిపోయేది. వాడేవాళ్లు డబ్బు కట్టాలి, లేదంటే అన్నీ మోసుకుని వేరే చోటికి పోవాలి. ఇక్కడ అలా జరగలేదు. కంపెనీ తలుపు మూసుకున్నా, అప్పటిదాకా బయటపెట్టిన కోడ్‌ని వెనక్కి తీసుకునే హక్కు దానికి లేదు. స్కాట్లాండ్‌లోని సేల్స్ ఎజిలిటీ అనే సంస్థ 2013లోనే పరిస్థితి పసిగట్టి, అదే 6.5 కోడ్ తీసుకుని 'స్వీట్ సీఆర్‌ఎం' అని వేరుకుంపటి పెట్టింది. స్వీట్ అంటే మిఠాయి కాదు, హోటల్ గదికి వాడే మాట. కానీ షుగర్ పక్కన పెట్టి చూస్తే తెలుగువాళ్లకి మిఠాయే గుర్తొస్తుంది, అది వేరే సంగతి. అంతవరకు షుగర్ వాడుతున్న చాలామంది తమ డేటా పోగొట్టుకోకుండా ఇటువైపు వచ్చేశారు. స్వీట్ సీఆర్‌ఎం ఇప్పటికీ నడుస్తోంది, కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి.

ఇంకో పాయ దీనికన్నా ముందే విడిపోయింది, అదీ మన పక్కనే. షుగర్ మొదలైన 2004లోనే దాని కోడ్ తీసుకుని చెన్నైలో 'వీటైగర్' పుట్టింది. అప్పట్లో దాని వెనక ఉన్నది అడ్వెంట్‌నెట్, అంటే ఆ తర్వాత జోహోగా పేరు మార్చుకున్న సంస్థ. పేరు పెట్టుకుని పట్టుమని కొన్ని నెలలు కాకముందే తమ కోడ్‌తో ఇంకొకరు బయల్దేరడం షుగర్ వాళ్లకి అస్సలు నచ్చలేదు. కానీ లైసెన్సు ఒప్పుకుంటోంది కాబట్టి చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. వీటైగర్ తర్వాత విడి కంపెనీగా బెంగళూరు చేరింది. ఇప్పుడు ప్రధానంగా క్లౌడ్ సర్వీసు అమ్ముతోంది, ఓపెన్ సోర్స్ ఎడిషన్ కూడా ఉంచింది.

జోహో సీఆర్‌ఎం కూడా ఓపెన్ సోర్సేనని కొందరు అనుకుంటారు. కాదు. అది మన దేశంలో తయారైన సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్. స్వదేశీ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. బాగా పనిచేసేదా కాదా అన్నది మళ్లీ ఇంకో ప్రశ్న.

ఏది పెట్టుకోవాలి?

అందరికీ సరిపోయేది ఒక్కటంటూ లేదు కానీ, పేర్లు వినగానే తికమక పడాల్సినంత పెద్ద జాబితా కూడా కాదు. స్వీట్ సీఆర్‌ఎంలో లేనిదంటూ లేదు. అందుకే చిన్న షాపుకి కాస్త బరువు. అవసరం లేని మెనూలు దాచుకోకపోతే స్టాఫ్ మొదటి రోజే బెదిరిపోతారు. ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఎస్పో సీఆర్‌ఎం తేలిక. ఐదారుగురు పనిచేసే చోట, సేల్స్ ఫాలోఅప్ మాత్రమే కావాలనుకునేవాళ్లకి ఇది ఎక్కువ నప్పుతుంది. ఈ రెండూ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తాయి. వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్లకి ఈ రెండూ బాగా తెలిసినవే. చిన్న పట్టణంలో ఇది చిన్న విషయం కాదు. రాత్రి ఎనిమిదింటికి ఏదైనా ఆగిపోతే బండి వేసుకుని వచ్చి చూసేవాడు దొరకాలి కదా.

బిల్లింగ్, స్టాకు, సీఆర్‌ఎం అన్నీ ఒక్కచోటే కావాలంటే లెక్క మారుతుంది. అక్కడ ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ ముందుంటుంది. దీన్ని మొదలుపెట్టిన రుషభ్ మెహతా సాఫ్ట్‌వేర్ అమ్ముదామని బయల్దేరలేదు. తమ కుటుంబ ఫర్నిచర్ వ్యాపారానికి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క సొంతంగా రాసుకున్నారు. స్టాక్ బ్రోకింగ్ సంస్థ జెరోధా కూడా ఈఆర్‌పీనెక్స్ట్ వాడుతోంది. ఇదే సంస్థ నుంచి ఫ్రాపే సీఆర్‌ఎం విడిగా వచ్చింది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, ఫోన్ కాల్స్ కోసం ఎక్సోటెల్ లాంటి మన దేశపు సర్వీసుతో జోడించుకోవచ్చు. పైథాన్ తెలిసినవాళ్లు కావాలి, అది ఒక్కటే చిన్న ఊళ్లలో ఇబ్బంది.

ఇక బెల్జియం వాళ్ల ఓడూ. 2005లో చిన్న ఈఆర్‌పీగా మొదలై ప్రపంచమంతా పాకింది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో దీనికి ఆఫీసు ఉంది. కమ్యూనిటీ ఎడిషన్‌లో సీఆర్‌ఎం బాగుంటుంది. పూర్తి స్థాయి అకౌంటింగ్ లాంటివి మాత్రం డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే ఉంటాయి. ముందు ఉచితంగా ఎక్కించి, సగం దారిలో టికెట్ అడిగినట్టు అనిపించకుండా ఉండాలంటే ఏది ఎందులో ఉందో ముందే చూసుకోవాలి.

లైసెన్సుల గురించి ఓ మాట. వీటిలో చాలావాటికి జీపీఎల్, ఏజీపీఎల్ లైసెన్సులుంటాయి. సొంత షాపులో వాడుకోవడానికి, మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మార్చిన సాఫ్ట్‌వేర్‌ని పక్కవాళ్లకి ఇచ్చినా, అమ్మినా కోడ్ కూడా ఇవ్వాలి. ఏజీపీఎల్ అయితే ఆన్‌లైన్ సర్వీసుగా నడిపినా అదే షరతు. సోలార్ డీలర్‌కి అంతకు మించి తెలియక్కర్లేదు.

ఫీజు లేదు, ఖర్చుంది

లైసెన్సు ఫీజు సున్నా. మరి డబ్బు ఎక్కడ పోతుంది? మొదట సర్వర్‌కి. ఐదారుగురు వాడే సీఆర్‌ఎంకి అద్దె సర్వర్ నెలకి కొన్ని వందల రూపాయల నుంచి మొదలవుతుంది, డొమైన్ పేరుకి ఏడాదికోసారి ఇంకొన్ని వందలు. భద్రతకి కావాల్సిన ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగానే వస్తుంది. అది 90 రోజులకోసారి రెన్యువల్ కావాలి, సరిగ్గా పెడితే దానంతట అదే అవుతుంది. ఇవన్నీ కలిపినా పెద్ద మొత్తం కాదు. అసలు ఖర్చు మనిషికి. ఇన్‌స్టాల్ చేయాలి, షాపుకి తగ్గట్టు మార్చాలి, అప్‌డేట్లు వేయాలి, బ్యాకప్ చూడాలి. ఇన్వర్టర్‌కి ఏఎంసీ తీసుకున్నట్టే దీనికీ తీసుకోవాలి.

మిగలబెడదామని కొందరు షాపు కౌంటర్ మీద ఉన్న కంప్యూటర్‌లోనే సీఆర్‌ఎం పెట్టేస్తారు. అదే కంప్యూటర్‌లో పిల్లలు గేములు డౌన్‌లోడ్ చేస్తారు, అదే కంప్యూటర్‌కి ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు గుచ్చుతారు. ఒక్క వైరస్ వచ్చి ఫైళ్లన్నీ లాక్ అయితే అంతా పోయినట్టే. బ్యాకప్ ఉందంటారు. ఎక్కడుందని అడిగితే అదే కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లో అంటారు! బ్యాకప్ అనేది వేరే చోట ఉండాలి. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ఓనరు ఇంట్లో హార్డ్ డిస్క్‌లో.

ఇంకో పొరపాటు చాలా మామూలుగా జరుగుతుంది. స్వీట్ సీఆర్‌ఎం పెట్టారు, అంతా బాగుంది, కానీ ఫాలోఅప్ రిమైండర్లు రావు. సాఫ్ట్‌వేర్ పనికిరాదని పక్కన పడేస్తారు. నిజానికి రిమైండర్లు పంపడానికి సర్వర్‌లో 'క్రాన్' అనే టైమర్ పెట్టాలి. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు అది మర్చిపోయి ఉంటారు. రెండు నిమిషాల పని.

తాళం చెవి ఎవరి దగ్గర?

సేల్స్ కుర్రాడి ఫోన్ నుంచి కస్టమర్లని బయటికి తెచ్చి, సాఫ్ట్‌వేర్ పెట్టిన కుర్రాడి చేతిలో పెడితే లాభమేంటి? ఇక్కడే చాలామంది ఓనర్లు బోల్తా పడతారు. డొమైన్ అతని పేరు మీద, సర్వర్ అకౌంట్ అతని మెయిల్ మీద, అడ్మిన్ పాస్‌వర్డ్ అతనికి మాత్రమే తెలుసు. రేపు అతను హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా, డబ్బు దగ్గర మాట తేడా వచ్చినా ఓనరు మళ్లీ మొదటికే వస్తాడు. కోడ్ ఓపెన్‌గానే ఉంటుంది, షాపు డేటాకి మాత్రం తాళం పడుతుంది.

అందుకే పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. డొమైన్, సర్వర్ రెండూ షాపు పేరు మీద, షాపు మెయిల్ ఐడీతో, ఓనరు కార్డుతో కొనాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనరు దగ్గర రాసి ఉండాలి, బీరువాలో అయినా సరే. పని చేసేవాళ్లకి వేరే లాగిన్ ఇవ్వాలి. ఇందులో ఎవరినీ అనుమానించడం ఏమీ లేదు. షాపు తాళం చెవి ఓనరు దగ్గర ఒకటి ఉంచుకోవడం లాంటిదే.

తెలుగు పేర్లు, తికమక నంబర్లు

పాత ఎక్సెల్ షీట్ల నుంచి పేర్లు ఎక్కించే రోజు అసలు పరీక్ష. ఒకే మనిషి వెంకటేశ్వరరావు, వెంకటేశ్వర్లు, వి.రావు, 'వెంకట్ సోలార్' అని నాలుగు చోట్ల ఉంటాడు. పేరుతో వెతికితే ఎప్పటికీ తేలదు. ఫోన్ నంబరునే గుర్తుగా పెట్టుకోవాలి. అందులోనూ ఒకచోట ముందు సున్నా, ఒకచోట ప్లస్ 91, ఒకచోట మధ్యలో ఖాళీ. ఎక్కించకముందే అన్నిటినీ పది అంకెలకి తేవాలి. ఓ పూట కూర్చుంటే అయ్యే పని, చేయకపోతే ఏడాదంతా ఏడిపిస్తుంది.

తెలుగులో రాసుకున్న చిరునామాలు ఉంటే ఇంకో జాగ్రత్త. ఫైలుని సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి. లేదంటే 'పాత బస్టాండ్ వెనక' అన్నది ప్రశ్నార్థకాల వరుసగా మారిపోతుంది. ఎస్ఎంఎస్‌లకీ ఓ లెక్క ఉంది. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి చిన్న తెలుగు మెసేజ్ కూడా రెండు మూడు ముక్కలై, బిల్లు ఆ మేరకు పెరుగుతుంది. వ్యాపార ఎస్ఎంఎస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సీఆర్‌ఎం పెట్టుకున్నంత మాత్రాన వేలమందికి మెసేజ్‌లు కొట్టేయడం కుదరదు.

స్టాఫ్ రాయకపోతే?

సీఆర్‌ఎంలు ఆగిపోయేది ఎక్కువగా సాంకేతిక లోపంతో కాదు, ఎవరూ రాయకపోవడంతో. ఎండలో బైక్ మీద తిరిగొచ్చిన మనిషికి తెర మీద పాతిక గడులు చూపించి నింపమంటే నింపడు. పేరు, ఫోన్, ఊరు, ఏం కావాలన్నారు, మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి.. ఈ ఐదు చాలు. అదీ కస్టమర్ ఇంటి గేటు దగ్గరే, ఫోన్‌లో, నిమిషంలో అయిపోవాలి.

వాళ్ల భయం ఇంకొకటి ఉంది, బయటికి చెప్పరు. "నా కస్టమర్లందరినీ ఇందులో రాసేస్తే రేపు నన్ను తీసేసినా షాపు నడుస్తుంది కదా" అని. ఆ భయంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఓనరు సాఫ్ట్‌వేర్ పెట్టిన కారణాల్లో అదీ ఒకటి. దాన్ని దాచిపెట్టి సీఆర్‌ఎం రుద్దితే సగం పేర్లు మళ్లీ సొంత ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఎవరు తెచ్చిన లీడ్ మీద అమ్మకం జరిగిందో సీఆర్‌ఎంలో ఎలాగూ నమోదవుతుంది. కమిషన్ ఆ లెక్కతోనే ఇస్తామని చెప్పి, మొదటి నెల నుంచే ఇస్తే ఎవరూ అడగకుండానే రాస్తారు. రాసుకోని బేరానికి కమిషన్ గొడవలు ఎలా ఉంటాయో వాళ్లకి ఓనరు కన్నా ఎక్కువ తెలుసు.

ఆధార్ కాపీలు ఎక్కడున్నాయి?

సోలార్ దరఖాస్తు కోసం కస్టమర్ దగ్గర కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు తీసుకుంటారు. అవి సాధారణంగా వాట్సాప్‌లో వస్తాయి, అక్కడే ఉండిపోతాయి. ఎన్ని ఫోన్లలో ఎంతమంది ఆధార్‌లు ఉన్నాయో లెక్కే ఉండదు. మానేసి వెళ్లిన కుర్రాడి ఫోన్‌లోనూ ఉంటాయి.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ఎక్కువ బాధ్యతలు అమలు చేయడానికి 18 నెలల గడువు ఇచ్చారు. డేటాకి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న షాపు మీద అంత పడుతుందని కాదు. కానీ చిన్న షాపు కదా అని చట్టం పూర్తిగా వదిలేయలేదు. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి తీసుకోవాలి, పని అయిపోయాక తీసేయాలి, వద్దన్నవాళ్లకి ప్రచార మెసేజ్‌లు ఆపాలి.

ఈ విషయంలో సీఆర్‌ఎం రెండు వైపులా పదునున్న కత్తి. ఒకవైపు, ఎవరు ఏది చూడొచ్చో అందులో కట్టడి చేయొచ్చు. సేల్స్ వాళ్లకి తమ కస్టమర్లే కనిపించేలా, మొత్తం లిస్టు డౌన్‌లోడ్ చేసే బటన్ ఓనరుకి మాత్రమే ఉండేలా పెట్టుకోవచ్చు. మానేసినవాళ్ల లాగిన్ అదే సాయంత్రం ఆపేయొచ్చు. మరోవైపు, ఇన్నాళ్లూ పది ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్న సమాచారం ఇప్పుడు ఒకే సర్వర్‌లో ఉంది. అప్‌డేట్లు వేయకుండా రెండేళ్లు వదిలేసిన సర్వర్ అయితే దొంగకి శ్రమ తగ్గించినట్టే. ఓపెన్ సోర్స్‌లో లోపం బయటపడగానే సవరణ వస్తుంది, కానీ ఆ లోపం ఏంటో కూడా అందరికీ తెలుస్తుంది. కాబట్టి నెలకోసారి అప్‌డేట్ చూసే మనిషిని పెట్టుకోలేనివాళ్లు సొంత సర్వర్ జోలికి పోకపోవడమే మంచిది. అలాంటివాళ్లకి అదే ఓపెన్ సోర్స్ సీఆర్‌ఎంని తయారీదారులే నెల అద్దెకి నడిపిపెట్టే పద్ధతి ఉంది. ఫ్రాపే, ఎస్పో, ఓడూ, స్వీట్.. అన్నిటికీ ఇది ఉంది. నచ్చకపోతే డేటా తీసుకుని సొంత సర్వర్‌కి మారిపోవచ్చు. మామూలు సబ్‌స్క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లో పేర్ల జాబితా వరకు బయటికి తెచ్చుకోవచ్చు కానీ, అదే సాఫ్ట్‌వేర్‌ని ఇంటికి తెచ్చుకోలేరు.

అందరికీ అవసరమా?

లేదు. వచ్చినవాళ్లు సరుకు కొని వెళ్లిపోయే కిరాణా కొట్టుకి, టిఫిన్ సెంటర్‌కి సీఆర్‌ఎంతో పనిలేదు. వాళ్లకి బిల్లింగ్, స్టాకు చాలు. ఓనరు ఒక్కడే అన్నీ చూసుకునే వ్యాపారానికి షాపు సిమ్, వాట్సాప్ లేబుళ్లు, ఓ నోటుబుక్కు సరిపోతాయి. అడిగిన రోజుకీ కొన్న రోజుకీ మధ్య వారాలు పట్టే వ్యాపారం, అమ్మాక కూడా సర్వీసు ఇవ్వాల్సిన వ్యాపారం, ఇద్దరి కన్నా ఎక్కువ మంది కస్టమర్లతో మాట్లాడే వ్యాపారం.. వీటికి మాత్రం ఎంత తొందరగా పెట్టుకుంటే అంత మేలు. ఇంకా ఆలస్యమయ్యే కొద్దీ ఎక్కించాల్సిన పాత పేర్లు పెరుగుతూనే ఉంటాయి.

పెట్టుకోవాలనుకునేవాళ్లు అసలు కస్టమర్లని ఎక్కించకముందు ఓ పరీక్ష చేయించుకోవచ్చు. ఇరవై ఉత్తుత్తి పేర్లు పెట్టి, బ్యాకప్ తీయించి, సీఆర్‌ఎం మొత్తం తుడిపించేయాలి. తర్వాత ఆ బ్యాకప్ నుంచి ఇరవై పేర్లూ తిరిగి తెప్పించమని అడగాలి. ఇన్‌స్టాల్ చేసిన మనిషి ఓనరు కళ్లముందే ఆ పని చేసి చూపిస్తే, ఆ రోజు సాయంత్రం నుంచే అసలు పేర్లు ఎక్కించడం మొదలుపెట్టొచ్చు. "తర్వాత చూద్దాం సార్" అంటే మాత్రం మిగతా డబ్బు అప్పుడే ఇవ్వక్కర్లేదు.